నిలకడగా వెలిగే ఎరుపు

ల్యుబ్లియానాలో, నది మలుపు తిరిగే చోట
ఏడు మెట్లు దిగితే మా కొట్టు.
తలుపుకి గంట లేదు.
వినడానికి వచ్చేవాళ్లకి అడ్డమని నేనే పీకేశాను.

మే నెలలో, వాన వెలిసిన మధ్యాహ్నం
యెరిత్సా ప్లెష్కో వచ్చింది.
వేళ్లకి తేనెమైనం వాసన.
"రికార్డర్ కావాలి. నాకేం తెలీదు" అంది.
ఆ రెండో మాట చాలామంది మింగేస్తారు,
బదులుగా పెద్ద పెద్ద అంకెలు అడుగుతారు.

దేన్ని పట్టుకోవాలమ్మా, అన్నాను.
"రాణిని."

ముసలి రాణి సగం జనాన్ని వెంటేసుకుని ఎగిరిపోయాక
కొత్తగా పుట్టిన రాణి కూస్తుందట,
సన్నగా, తూ... తూ... అని.
మైనం గదుల్లోంచి ఇంకా బయటపడని అక్కచెల్లెళ్లు
లోపల్నించే బొంగురుగా బదులిస్తాయట.
చూద్దామని మూత ఎత్తితే
అన్నీ గప్‌చుప్.

బల్ల మీద మూడు పెట్టాను.
ఒకటి, ఆరు తీగలు మింగే ఘనుడు,
మెడకి వేలాడితే మెడ వంగుతుంది.
ఒకటి కలమంత. పిట్ట కొంచెం కూత ఘనం అనుకునేరు,
అది మనుషుల మాటలకి పుట్టింది,
సన్నటి చప్పుడేదైనా చెత్తనుకుని తనే ఊడ్చేస్తుంది.
మూడోది ఎవరో వాడి అమ్మినది,
మూల మీద గీత,
ఏ పల్లె అంగడిలోనైనా దొరికే బ్యాటరీలు రెండు చాలు,
బయటి మైకు గుచ్చుకోవడానికి ఒక కన్నం.

వెనక గదిలోకి తీసుకెళ్లి
మూడింటితోనూ నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యమన్నాను.
ఆమె నవ్వింది. తర్వాత చెవుల్లో పెట్టుకుని నవ్వు మానేసింది.
ఏమీ లేని చోట కూడా
మొదటిది నూనెలో పడ్డ ఆవాలు,
రెండోది పక్క ఊళ్లో వాన.
గీత పడ్డది మాత్రం
నోరు మూసుకుని కూర్చుంది.

అప్పుడు సంచీలోంచి
మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవ్స్ తీసి తొడుక్కుని
బటన్ నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది.
ఇరవై రెండేళ్ల బేరంలో
ఆ పరీక్ష నేనెవరికీ చెప్పలేదు. నాకే తట్టలేదు.

డబ్బు లెక్కపెడుతుంటే చెప్పాను,
అందరికీ చెప్పేదే:
ఎర్రదీపం మినుకుమంటే అది ఎదురుచూస్తున్నట్టు.
రెండోసారి నొక్కు.
నిలకడగా వెలిగితేనే పట్టుకుంటున్నట్టు.
తల ఊపింది.
అందరూ ఊపుతారు. నేనూ ఊపాను ఒకప్పుడు.
బోహిన్ సరస్సు మీద మంచు పగిలిన రాత్రి
నా దగ్గర లేదు.

మూడు వారాలకి మళ్లీ వచ్చింది,
ఎడమ కనురెప్ప కుట్టించుకుని, ఉబ్బి.
కార్డు తెరిచి చూశాను. ఖాళీ.
"మినుకు మినుకుమంటోంది, అందంగా ఉంది,
చూస్తూ కూర్చున్నాను" అంది.

మరి చెవుల్లో?
"చెవుల్లో అంతా వినపడింది.
గంటన్నర.
ఒకటి కూస్తే ముగ్గురు పలికారు. తర్వాత ఇద్దరు.
చీకటి పడేసరికి ఒక్కతే,
బదులు లేకుండా."

తిట్టుకుంటుందనుకున్నాను.
వాపస్ అడుగుతుందనుకున్నాను, రసీదు కోసం సొరుగు కూడా లాగాను.
ఆమె బల్ల మీద మోచేతులు ఆనించి
పెదవులు బిగించి
గొంతు లోపలి నుంచి మొదలుపెట్టింది:
తూ——
తూ... తూ...

నా చెయ్యి అద్దాల అరలోకి పోయింది.
ఏది దొరికితే అది.
ఒకసారి నొక్కాను.
మళ్లీ నొక్కాను.

ఎరుపు ఆగింది.
అక్కచెల్లెళ్ల వంతు రాగానే గొంతు మార్చింది, దగ్గొచ్చింది,
మళ్లీ మొదటి నుంచి అందుకుంది.
పైన రోడ్డు మీద ఎవరిదో సైకిలు
గొలుసు ఊడి ఆగింది.
అదీ పడింది.