మంగళవారం షాపు బందు

అచ్చంపేట బస్టాండు ఎనుక
నావి రెండు కుర్చీలు, నాలుగు అద్దాలు.
ఆరు దినాలు ఊరి తలలన్నీ నా చేతులల్ల ఒంగుతయి.
మంగళవారం నాడు మాత్రం
నా తల మణెమ్మ తిప్పినట్టు తిరుగుతది.

టీవీఎస్ ఎక్సెల్ మీద
ముంగట పులిహోర డబ్బా, ఎనుక మణెమ్మ,
నడుమ మా ఇద్దరి పంచాయితీ.
ఆమెకు నీళ్లు చూడాలె.
నాకు సినిమా వాసన తగిలిన జాగ ఏదైనా సరే.
ఒక వారం ఆమెది, ఒక వారం నాది.
కాయితం మీద రాసుకోలే గని
మాట తప్పితె రాత్రి కూరల ఉప్పు చెప్తది.

ఆమె వారం మల్లెలతీర్థం పోయినం.
దిగేటప్పుడు మెట్లు లెక్కబెట్టింది,
రెండొందల పద్దెనిమిది కాడ
కోతి పులిహోర డబ్బా గుంజుకపోయింది, లెక్క గూడ.
నీళ్ల కింద నిలబడి కండ్లు మూసుకున్నది.
కాళ్ల కింద కుట్టు మిషను లేని మణెమ్మను
ఇరవై ఆరేండ్లల్ల అదే మొదలు చూసుడు.
ఎవరో కొత్త మనిషి లెక్క ఉన్నది,
పిలిస్తె ఏమనుకుంటదో అని
చెప్పులకు కావలి కూసున్న.

నా వారం నాగర్‌కర్నూలు అవతల ఒక అభిమాని ఇల్లు.
గడప మీద హీరో, గచ్చు మీద హీరో, బియ్యం డ్రమ్ము మీద హీరో.
బాత్రూం తలుపుకు మాత్రం విలన్.
"మర్యాద ఉండాలె గదనే" అన్నడు ఆ ఇంటాయన.
క్రాపులు చూసి నేను సంవత్సరాలు చెప్తుంటే
నోరు తెరిచి, చాయ్ పోసిండు, రెండుసార్లు.

మళ్లొక నా వారం, జడ్చర్ల రోడ్డు దాబా ముంగట
సిమెంటు డైనోసారు.
నోట్లె ట్యూబులైటు, తోక మీద ఎవరిదో తువ్వాల ఆరేసి ఉన్నది,
మెడల నిమ్మకాయలు, మిరపకాయలు.
"గింత జంతువుకు గూడ దిష్టేనా" అన్నది మణెమ్మ.
ఇరవై రూపాయలిస్తె వీపు మీదికి ఎక్కనిచ్చిండ్రు.
ఎక్కి, మడిమెలతోటి దాని డొక్కల పొడిచి
"ఛో... ఛో..." అని అదిలించింది,
కండ్లెంబడి నీళ్లొచ్చే దాంక నవ్వింది.
సిమెంటుకు అంత నవ్వెందుకో నాకు తెల్వలే.

ఎండకాలం. సోమశిల.
ఇది ఇద్దరి వారం: ఆమెకు కృష్ణ ఉన్నది,
నాకు ఒక పాట తీసిన ఒడ్డు ఉన్నది.
"గీడనే, హీరోయిన్ గీడనే నిలబడ్డది, చేతులు చాపు" అంటున్న
ఫోను పట్టుకొని.
ఆమె చేతులు చాపలే. ఒక చెయ్యే లేపింది.
నీళ్లు వెనక్కి పోయిన కాడ, బురదల,
ఒంటి రాతి కడీ.

"అగో, అది మా అమ్మమ్మోళ్లది.
దానికే బర్రెను కట్టేసేది.
నన్ను దాని మీద కూసోబెట్టేది."

ఒడ్డు మీది గుళ్లను
రాయి రాయికి నంబరేసి ఎత్తుకొచ్చి నిలబెట్టిండ్రు.
కొట్టాలకు నంబర్లు ఎయ్యలే.

నాకెందుకు చెప్పలేదంటె
"నువ్వెప్పుడు అడిగినవ్?" అన్నది.
కోపంగ గాదు. సూదిల దారం ఎక్కిస్తున్నట్టు అన్నది.
ఇంతల ఎవరో పోరగాండ్లు
"అంకుల్, జర పక్కకు, రీల్ తీస్తున్నం" అన్నరు.
జరిగినం.

వచ్చేటప్పుడు బండి మీద పంచాయితీ లేదు.
కల్వకుర్తి రోడ్డు కలిసినంక అన్నది:
"వచ్చే వారం నాది గదా.
ఆ డైనోసారు కాడికి పోదాం."

బుధవారం పొద్దున ఒక పిల్లగాడు
కుర్చీల కూసొని ఫోను చూపించిండు,
"మామా, గీ పాటల క్రాపు, గిట్లనే రావాలె."
ఆ ఒడ్డే.
రెండు వేళ్లతోటి బొమ్మ పెద్దగ చేసిన,
ఇంకా పెద్దగ.
"మామా, క్రాపు పైకి పోయింది గదా" అన్నడు.
ఆగు బిడ్డా, అన్న,
హీరో భుజం ఎనుక
నీళ్లల్ల ఏదో నల్లగ కనవడుతున్నది.