వంపు పరీక్ష

మే నెల వచ్చినా పార్కింగ్ స్థలం మూలకు
చలికాలమంతా తోసిన మంచు నల్లబడి ఇంకా పడి ఉంది.
సుపీరియర్ సరస్సు మీంచి గాలి.
చంకలో ఫారాల కట్టతో
వెల్డింగ్ షెడ్డు తలుపు భుజంతో నెట్టాను.
నన్ను చూడగానే ఈ కాలేజీలో
కాఫీ కప్పులు పక్క గదుల్లోకి నడిచి వెళ్తాయి.
నా ఉద్యోగం అలాంటిది:
ఎవరు ఏం నేర్చుకున్నారో
ఒకటి నుంచి నాలుగు దాకా అంకెల్లో చెప్పమని అడగడం.

ఆర్విడ్ లహ్తి కళ్లజోడు నుదుటి మీదికి తోసి
ఫారాన్ని కోర్టు నోటీసులా దూరంగా పట్టుకుని చదివాడు.
"మూడో అభ్యసన ఫలితం:
విద్యార్థి వృత్తిపరమైన విచక్షణను ప్రదర్శించగలడు."
ప్రదర్శించడమంటే? అన్నాడు.
ఆ వాక్యం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.
ఆ మధ్యాహ్నం పిజ్జా తెప్పించారు.
"అర్థం చేసుకుంటాడు" అన్న మాట కొట్టేశాం,
అర్థం చేసుకోవడం కంటికి కనపడదని.

ఆయన ఇంకేం అనలేదు.
బల్ల మీంచి ఒక ఇనుప పట్టీ తీశాడు.
రెండు పలకల్ని అతికి, అడ్డంగా కోసి,
అతుకు కనపడకుండా సానపట్టిన ముక్క.
యంత్రంలో పెట్టి మీట నొక్కాడు.
ఇనుము మూలిగింది.
గుర్రపు నాడాలా, తొందర లేకుండా, వంగింది.
అతుకు ఉన్నచోటే వంచాలట.
అతుకులో అబద్ధం ఉంటే అక్కడే నోరు తెరుస్తుందట.

తెరవలేదు.
వేలితో తడిమాను. గోరువెచ్చగా ఉంది.
"ఎవరిది?"
"ట్వైలాది."

ట్వైలా బిబో. నా జాబితాలో పదకొండో వరుస.
నలభై మూడేళ్లు. చీకటితో లేచి స్కూలు బస్సు నడిపి,
ఆ పైన రిజర్వేషన్ నుంచి యాభై మైళ్లు వచ్చేది.
సెప్టెంబరులో మొదటిసారి ఆర్క్ కొట్టినప్పుడు
కడ్డీ పలకకు కరుచుకుపోతే
క్షమించమని ఇనుముకే చెప్పుకుందట.
జనవరికల్లా, అన్నాడు ఆర్విడ్,
నేను అటు తిరిగి నిలబడినా ఆమే అని తెలిసేది.
నూనెలో సన్నగా, ఆగకుండా వేగే చప్పుడు.
మిగతావాళ్లది చిటపట, తర్వాత ఒక తిట్టు.
టకర్ నీమి అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు
ఆమె మోచేతి పక్కన నిలబడే పని నేర్చుకున్నాడు,
నా దగ్గర కాదు.

దానికీ గడి లేదు.

మార్చిలో రేవు నుంచి ఓడల మరమ్మతు వాళ్లు పిలిచారు.
వెళ్లిపోయింది.
రాతపరీక్ష రాయలేదు, భద్రత మీద వ్యాసం ఇవ్వలేదు.
నా లెక్కలో ఆమె పూర్తి చేయని మనిషి.
రాజధానికి వెళ్లే నివేదికలో
ఇరవై రెండో పేజీ, ఎర్ర గడి.

"నాలుగు వెయ్యి" అన్నాడు.
"లేనివాళ్లకు వేయడానికి వీల్లేదు."
"లేకపోవడమేంటి? ఇదుగో" అని
పట్టీ నా చేతిలో పెట్టాడు.

రూల్సు చెప్పాను. బాగానే చెప్పాను,
తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను కదా.
ఆయన విన్నాడు. విని,
మిగతా పద్నాలుగు మందికీ అంకెలు వేశాడు,
ప్రతి పేరు దగ్గరా పెన్ను ఆపి
షెడ్డులో వాళ్లు నిలబడే చోటు వైపు చూసి.
టకర్ దగ్గర చాలాసేపు ఆగాడు.
మూడు వేశాడు. కొట్టేశాడు.
మళ్లీ మూడే వేశాడు.

సగటు రెండు పాయింట్ తొమ్మిది.
నిరుటి కన్నా పాయింట్ ఒకటి తక్కువ.
కారణం రాయడానికి ఒక గడి ఉంది,
రెండు వందల అక్షరాలు మించకూడదు.
రాత్రి దాకా దాని ముందు కూర్చున్నాను.
ఒక ఇనుప పట్టీ గురించి మొదలుపెట్టాను.
నూనె చప్పుడు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు అయిపోయాయి.
చెరిపేసి, "నమోదులో తగ్గుదల" అని పెట్టాను.

ఆ ముక్క నా దగ్గరే ఉండిపోయింది.
కిటికీ తెరిస్తే ఎగిరే ఫారాల మీద బరువుగా పెడతాను.
ఇదేంటని ఎవరైనా తిప్పి చూస్తే
అతుకు ఎక్కడుందో చెప్పమంటాను.
ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.
నేనూ
రోజుకోసారి వెతుకుతాను.