ఉప్పు మీటరు

ఇవాళ కూడా మోకాలి లోతు మంచు.
తెల్ల ఏప్రన్ మీద కోటు తొడుక్కుని
జేబులో మీటరు పడేసుకుని బయల్దేరాను.
పెన్ను కన్నా కాస్త లావు,
థర్మామీటరుకి దూరపు చుట్టం.
సూపులో మూతి ముంచితే చాలు
ఆ ఇంటి గుట్టు అంకెల్లో చెప్పేస్తుంది.

నేను వస్తున్నానని
ఎవరో ముందే ఉప్పందిస్తారు ఊరంతటికీ.
మొదటి మూడిళ్ళలో
మీసో సూపు కరిగిన మంచులా ఉంది.
సున్నా పాయింట్ ఆరు. అయిదు.
ఇసోనో గారింట్లో నాలుగు!
రిజిస్టర్లో "భేష్" అని రాశాను.
పొయ్యి వెనకాల ఇంకో గిన్నె
మూత కింద కుతకుతమంటోంది.
విననట్టే బూట్లు తొడుక్కున్నాను.

తోమెకిచి దగ్గర ఈ నాటకాలుండవు.
"ముంచు" అన్నాడు, గిన్నె నా ముందుకు తోసి.
ఒకటి పాయింట్ ఆరు.
"నా నాలుక నాది తల్లీ.
ఆరు నెలలు పచ్చని ఆకు కనపడని ఊరిది.
ఉప్పులో ఊరిన ముల్లంగే
మా నాన్నని మార్చి దాకా మోసింది.
ఎనభై రెండేళ్ళు దాని ఉప్పు తిన్నాను,
ఇప్పుడు ద్రోహం చెయ్యమంటావా?"

నా సంచిలో కరపత్రం ఉంది.
దాని మీద గుండె బొమ్మ పళ్ళికిలించి నవ్వుతుంటుంది.
ఇవ్వబుద్ధి కాలేదు.

బయట
నిచ్చెన మీంచి పైకప్పెక్కి షిగెనో,
ఆయన భార్య, డెబ్బై ఎనిమిది,
పారతో మంచు తోస్తోంది.
కిందటేడు ఆయన కుడిచెయ్యి
ఓ పూటంతా మొద్దుబారింది.
తిరిగొచ్చింది గానీ
పార పట్టడం మరిచిపోయి వచ్చింది.

"దిగండి, నేను తోస్తాను."
"నీ పని నువ్వు చూసుకో" అంది కిందికి చూడకుండానే.
కాసేపాగి,
"చెప్పావా ఆయనకి?"
"చెప్పాను."
"విన్నాడా?"
ఏమనాలో వెతుక్కుంటుండగానే
పారెడు మంచు నా పక్కన దబ్బుమంది.

నాలుక ఆయనదే. కాదనను.
నిచ్చెన ఎవరిదో ఎవరూ అడగలేదు.

రాత్రి ఇల్లు చేరాను.
మా అత్తగారి పచ్చడి పీపా
నడవాలో, చలిలో, రాయి నెత్తిన పెట్టుకుని కూర్చుంది.
పొగబెట్టి ఊరేసిన ముల్లంగి.
టీవీ ముందు, టీతో, రెండు ముక్కలు
అని కూర్చుంటాను రోజూ.
పళ్ళెం ఖాళీ అయ్యాక లెక్కపెట్టడానికి ఏముంటుంది?

ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతొకటి చెబుతాను.
నాకు రక్తపోటు. మూడేళ్ళు.
మాత్రల కోసం రెండు స్టేషన్లు దాటి వెళ్తాను,
మన క్లినిక్‌లో నర్సు చూస్తుందని.
వంద గిన్నెల్లో ముంచానా ఈ మీటరు,
నా గిన్నెలో ఒక్కసారీ లేదు.
బ్యాటరీ దండగ అనుకునేదాన్ని.

ఇవాళ ముంచాను.
ఎందుకో తెలియదు. పార చప్పుడు చెవిలోంచి పోలేదు.

ఒకటి పాయింట్ ఏడు.

తుడిచి మళ్ళీ ముంచాను.
ఏడే.
తోమెకిచిని ఒక పాయింటుతో గెలిచాను.
ఉప్పు తినే ఒంటికి రోషముండాలంటారు.
ఇంత తిన్నాను, ఏ మూల దాక్కుందో మరి!

నవ్వొచ్చింది ముందు.
తర్వాత రిజిస్టరు తెరిచి
ఆయన పేరు కింది గడిలో
కుదో తజుకో, యాభై తొమ్మిది, అని రాశాను.
అంకె రాయబోతే పెన్ను ఆగింది.
ఇంకు గడ్డకట్టిందేమోనని
ఊదాను కూడా.
గడ్డకట్టలేదు.
రాశాను.

సూపు సగం తాగాను. సగం అలాగే ఉంది.
చల్లారాక ఇంకా ఉప్పగా తోస్తుంది,
ఆ సంగతి అందరికీ చెప్పేదాన్ని నేనే.

పడుకోబోతూ
కొట్లోంచి రెండో పార తీసి
గుమ్మం పక్కన ఆనించాను.
రేపు దారిలోనే కదా వాళ్ళిల్లు.