ఉత్తుత్తి సెగ

మిర్యాలగూడ బైపాసు, రైస్ మిల్లు కాంటా రూము.
వడ్ల బస్తాలతోటి పదకొండు లారీలు నిలబడ్డయి.
ఒక్క చిట్టీ బయటపడాలంటే నాలుగు నిమిషాలు.
జాన్‌పాషా హారను మీది చెయ్యి తీస్తలేడు.

"మూడు పాయింటు ఆరు అని డబ్బా మీద రాసుంది గద,
మరి గిది నడుస్తున్నదా, పాకుతున్నదా?"
అడిగింది ఉపేంద్ర, కాంటా రాసే మనిషి.
టాస్క్ మేనేజర్ తెరిచి చూపెట్టిన:
సున్నా పాయింటు ఏడు తొమ్మిది.
కోడెను కొనుక్కొచ్చి
కుంటినడక నడిపిస్తున్నట్టు.

ముందుగాల్ల పవర్ సెట్టింగు చూసిన,
పొదుపు మీద పెట్టిన్రేమో, షావుకార్ల సొమ్ము గద.
కాదు, అంతా సక్కగనే ఉన్నది.
మూత ఇప్పిన. లోపల
రెండు పంటల తవుడు,
ఫ్యాను రెక్కల సందున ఊక,
ఎండిపోయిన బల్లి ఒకటి,
ఎవరి వడ్లదో పాత చిట్టీ, నలభై రెండు క్వింటాళ్లు.
బ్లోయరు కొడితే ముగ్గురం తుమ్మినం.

హీట్‌సింకు లేపిన. పేస్టు
పాతగోడ సున్నంలెక్క పెచ్చులు పెచ్చులు.
గీకి, స్పిరిటు దూదితోటి తుడిచి,
శెనగ గింజంత కొత్తది పెట్టిన.
దొంగ దొరికిండనుకున్న.
ఆన్ చేస్తే వేడి యాభై రెండు,
తొంభై దాంక ఓర్చుకునే ప్రాణం అది.
బయట మనకే నలభై నాలుగు.
అయినా సున్నా పాయింటు ఏడు తొమ్మిది.

బయాస్ బ్యాటరీ తీసి పెట్టిన. అదే.
బండి డిక్కీలకెల్లి ఎస్ఎంపీఎస్ తెచ్చి మార్చిన. అదే.
ఉపేంద్ర సల్ల పోసింది. తాగిన.

ఖలీల్ సాబు దగ్గర పని నేర్సుకున్నప్పుడు
ఆయన అంటుండె:
"బేటా, ఉరుకుతలేదంటే శాతగాక కాదు.
ఎవరో వద్దన్నరు.
ఎవరన్నరో చూడు."

వేలితోటి బోర్డంతా తడుముకుంట పోయిన.
కరెంటు వచ్చే మూలకు, కాయిళ్ల పక్కన,
ఆవగింజంత సెన్సారు.
చుట్టూ సల్లగ ఉన్నా అది ఒర్లుతనే ఉన్నది,
కాలుతున్న, కాలుతున్న.
ప్రాసెసరు నమ్మింది.
తీగ మీదికెల్లి వచ్చిన కబురుకు
తన ఒళ్లు తాను చూసుకోకుండ
రెండు నెలల సంది మోకాళ్ల మీద నడుస్తున్నది.

"అయితే దాని నోరు మూసెయ్" అన్నడు గుమస్తా.
ఒక్క టిక్కు తీసేస్తే అయిపాయె.
తీసిన.
మూడు పాయింటు ఆరు.
ప్రింటరు కిర్రుమన్నది. చిట్టీ ఎనక చిట్టీ.
లారీలు కదిలినయి.

ఉపేంద్ర తెర దిక్కు చూడలె.
"పోయినేడు గిదే నెల," అన్నది,
"హమాలీ ముత్తిలింగం తల తిరుగుతున్నదన్నడు.
ఎవ్వలు ఒళ్లు ముట్టి చూడలె.
నకరాలన్నరు.
ఇంకో ఇరవై బస్తాలు ఎక్కియ్యమన్నరు."
మిగిలింది చెప్పలె.
నేను అడగలె.

స్క్రూ బిగియ్యబోయి ఆగిన.
నిజంగ కాలిననాడు
ఇగ చెప్పేటోడు లేడు దానికి.
మూత ఇప్పే ఉంచిన. టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టిన.
అట్టముక్క మీద స్కెచ్చుపెన్నుతోటి రాసిన:
ఎనభై దాటితే ఆపెయ్, ఫోన్ కొట్టు.
కొత్త బోర్డు తెప్పియ్యాలె అన్న.
గుమస్తా ఆరొందలు లెక్కపెట్టుకుంట
ఇననట్టే ఉన్నడు.

గేటు కాడ బండి స్టార్ట్ చేసి
ఎందుకో ఎనక్కి చూసిన.
కిటికీల ఉపేంద్ర.
ఒక చేత చిట్టీ చింపుతున్నది,
ఇంకో చెయ్యి డబ్బా మీద,
జరం చూస్తున్నట్టు.