గెడకు అందేంత నీళ్ళు

తలకు రెండు వేల ఎనిమిది వందలు.
ఒక అడవి, ఒక రాత్రి, ఒక పులికాటు.
ఇడ్లీ పొట్లం వాళ్ళది, టార్చిలైటు మాది.
తెల్లారుజామున నాలుగున్నరకు
కపిలతీర్థం రోడ్డులో టెంపో ఎక్కినాం పదకొండు మందిమి:
పళ్ళ డాక్టరుకు చదివే పిల్లోళ్ళు ఇద్దరు,
గాంధీరోడ్డు బనియన్ల అంగడాయన,
నేనూ, నా మోకాలి పట్టీ,
రైలుపెట్టెల షాపులో నా పక్క కుర్చీ మొగిలీశ్వరి.
మిగతావాళ్ళ పేర్లు ఏర్పేడు దాటినాకగానీ తెలీలా.

వరదయ్యపాళెం అవతల చెక్‌పోస్టులో
గార్డు మా నీళ్ళ సీసాలు లెక్కబెట్టినాడు. పదిహేడు.
సీసాకు పది రూపాయలు కట్టండి,
తిరిగి తెస్తే తిరిగిస్తాం.
మనుషుల్ని లెక్కబెట్టలా.
ఆ లెక్క చెంగయ్యది.

చెంగయ్య కాళ్ళకు చెప్పుల్లేవు.
మా బూట్లు చూసి ఏమీ అనలేదు.
ఆకొకటి నలిపి అరచేతిలో పెడతాడు,
వాసన సూడండమ్మా అంటాడు,
పేరు మాత్రం చెప్పడు.
'పేరు చెప్తే ఫోన్లో ఎతుక్కుంటారు.
వాసనకైతే ఈడికే రావాల.'

ఎలుగ్గొడ్డు అని బనియన్లాయన అన్నాడో లేదో
నోటికి వేలు అడ్డం పెట్టినాడు.
'ముసలాయన అనాల. ఇంటాడు.'
ఆ తర్వాత గంటసేపు
పళ్ళ డాక్టర్లు దగ్గు కూడా గుసగుసగానే దగ్గినారు.

రాయి మీద రాయి.
అందితే వేరు, అందకుంటే చెంగయ్య చెయ్యి.
ఉబ్బలమడుగు ఇంకా కనబడకముందే
నా మోకాలు కూలబడింది.
'నిమ్మళంగా రాండమ్మా, నీళ్ళు యాడికీ పోవు.'
పోయి చూస్తే
పోతానే ఉండాయి అవి,
తెల్లగా, ఎవురికోసమూ ఆగకుండా.

రాత్రి బండమీద పక్కలు.
ఇరవై రెండేళ్ళుగా పక్క కుర్చీ మొగిలీశ్వరి
ఆ చీకట్లో మొదటిసారి చెప్పింది,
చీకటంటే భయమని.
చెంగయ్య నిప్పులోకి ఇంకో కట్టె తోసినాడు,
వినబడి కాదు, చలికన్నట్టు.

మర్నాడు భీములవారిపాళెం రేవు.
గాలికి ఉప్పు పట్టింది.
కన్నెమ్మ పడవ, చేతిలో ఆమెకు రెండింతల గెడ.
మేమంతా దూకి కూర్చున్నాం.
చెంగయ్య గట్టుమీదే.
చరియల్లో బల్లిలా పాకినోడు
పడవ అంచు చూసి, మమ్మల్ని చూసి,
లెక్కబెట్టినాడు. పదకొండు.
మళ్ళీ లెక్కబెట్టినాడు.
'రావయ్యో, పన్నెండు' అంది కన్నెమ్మ.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు,
రెండు చేతులా పలక పట్టుకొని.
ఈత రాదా అని అడగబోయి
నా బూట్లు గుర్తొచ్చి మానుకున్నా.

దూరంగా నీళ్ళమీద గులాబీరంగు గీత.
రాజహంసలు, అన్నాడు అంగడాయన.
ఫ్లెమింగోలు, అన్నారు పిల్లోళ్ళు.
పూనార, అంది కన్నెమ్మ, అరవ తట్టు గాలితో.
ఏ పేరుకూ తల ఎత్తలేదు అవి.
ముక్కు తిరగేసి బురద జల్లించుకుంటా ఉండాయి.

అంతలో పడవ అడుగు ఇసకకు తగులుకుంది.
దిగి తొయ్యాల.
'ఎంత లోతు?'
రెండు దినాల్లో చెంగయ్య అడిగిన మొదటి ప్రశ్న.
కన్నెమ్మ గెడ గుచ్చి, తీసి, తడి చూపించింది.
మోకాలు.
నేను దిగి చెయ్యి చాపినా.
రాళ్ళన్నీ ఎరిగిన ఆ అరికాలు
బురదను నమ్మడానికి చానాసేపు పట్టింది.
మేం ఎవురమూ నవ్వలేదు.
కన్నెమ్మ నవ్వింది. ఆయన కూడా, కొంచెం.

గార్డు పదహారు సీసాలకే డబ్బులిచ్చినాడని
శ్రీకాళహస్తి దాటినాక గుర్తొచ్చింది.
పదిహేడోది నాదే, ఆ బండ సందులో.
వారం మనసులో పెట్టుకొని
ఆదివారం ఫోన్ చేసి ఒప్పుకున్నా.
'తెలుసమ్మా, తెచ్చేసినా' అన్నాడు చెంగయ్య.
'పది రూపాయలు నాకాడే ఉండాయి.
వచ్చి తీసుకోండి.'