ముప్పై మూడు

డ్యూటీ దిగేసరికి ఆరున్నర.
కేజీహెచ్ గేటు దాటితే సముద్రం వాసన,
దాని మీద పోర్టు బొగ్గు ధూళి.
కారు అద్దం మీద వేలితో గీస్తే
నల్లగా ఒక గీత.

రాత్రంతా ఎవరెవరి చేతులకో పట్టీ చుట్టి
రబ్బరు బుడ్డి నొక్కి, వదిలి,
నూట యాభై, నూట పది అని
చీటీల మీద రాసినదాన్ని.
నా బండి కాళ్ళని మాత్రం
ఎలా ఉన్నారని అడిగి నెల దాటింది.

తాటిచెట్లపాలెం రోడ్డు వార
నీలం పరదా కింద సన్యాసమ్మ గాలి మిషను.
కంప్రెసరు దగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ దగ్గుతుంది.
మెళ్ళో పుస్తెలతో పాటు
గేజీ కూడా వేలాడుతుంది ఆవిడకి.

"సల్లగున్నపుడే వొచ్చేరు, మంచిది.
ఎండెక్కేక, బండి తిరిగేక కొలిస్తే
టైరు అబద్దమాడతాది."
మేమూ అదే చెప్తాం,
మెట్లెక్కి వచ్చినవాళ్ళని ఐదు నిమిషాలు కూర్చోమని.
ఆ మాట ఆవిడతో అనలేదు. నిద్ర ముంచుకొస్తోంది.

డ్రైవరు తలుపు తీసి
అంచున అంటించిన కాగితం చూసింది.
అక్షరాలు రావు, అంకెలు వస్తాయి.
ముందు ముప్పై మూడు, వెనక ముప్పై మూడు.
"కంటికి నిండుగానే అవపడతాదమ్మా.
ఈ యాపారంలో కళ్ళని నమ్మకూడదు."

ముందు ఎడమ ముప్పై.
కుడి ముప్పై ఒకటి.
వెనక కుడి ఇరవై తొమ్మిది.
వెనక ఎడమ
ఇరవై రెండు.

గేజీ తీసి మళ్ళీ పెట్టింది.
ఇరవై రెండే.
వేలికి ఉమ్ము రాసి వాల్వు మీద అద్దింది.
బుడగ లేవలేదు. "పిన్ను మంచిదే."
కారు ఓ మూర ముందుకి జరిపించి
మోకాళ్ళ మీద కూలబడి
బియ్యంలో రాళ్ళు వెతికినట్టు
టైరు గాడుల్లో వేళ్ళు పోనిచ్చింది.
"ఇదిగో."

మేకు.
తల అరిగి వెండిలా మెరుస్తోంది.
ఎన్నాళ్ళ నుంచి నాతో తిరుగుతోందో:
కిందటి వారం భీమిలి,
మొన్న సింహాచలం ఘాటు,
ప్రతి రాత్రీ డ్యూటీకి.

పీకబోయాను.
గబుక్కున చెయ్యి పట్టేసుకుంది.
"ఇప్పుడే పీకీయకండి. గాలి ఆపుతున్నదే అది.
పంక్చరు కుర్రోడు తొమ్మిదికి గానీ రాడు.
దిగినోడే కాపలా కాస్తన్నాడు, కాయనీండి అందాకా."

కత్తి దిగినవాణ్ణి మోసుకొస్తే
సర్జన్ వచ్చేదాకా కత్తి కదపనివ్వం.
ఇరవై ఏళ్ళ కింద పరీక్షలో రాశాను,
ఎంతమంది తమ్ముళ్ళనో, మామలనో గదిమాను.
బండి దగ్గరికొచ్చేసరికి
నేనూ కంగారుపడే చుట్టాన్నే.

నాలుగూ నింపాక "స్టెప్నీ?" అంది.
డిక్కీలో గొడుగు, పాత దుప్పటి,
ఎప్పుడో కొన్న కొబ్బరిపీచు పట్ట
అన్నిటి కిందా అది.
పదకొండు.
"దీన్నెవులూ అడగరు" అని
అన్నిటికంటే రెండు పాయింట్లు ఎక్కువే పట్టింది.
"ఊరికే కూకునేదానికి కూసింత ఎక్కువుండాలి."
దానికి డబ్బులు తీసుకోలేదు.

కంచరపాలెం వైపు నెమ్మదిగా తోలుకెళ్తున్నాను.
పాట ఆపేశాను.
టిక్. టిక్.
రోడ్డుని తాకుతూ మేకు.
లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి, పోనీ.
పడుకుంటే లేవలేను.
తొమ్మిదికి అలారం పెట్టుకోవాలి.