వంటింటి దీపానికి సరిపడా

నవంబరు చివర, వార్దో రేవులో
సూర్యుడు సెలవు పెట్టి వెళ్లిన నాలుగో రోజు
రగ్న్‌ఫ్రిడ్ నా కొట్టు తలుపు తోసుకుని వచ్చింది.
బూట్ల మంచు గుమ్మంలో దులిపి
ఉన్ని కండువా విప్పకుండానే అంది:
"మా చెల్లిని సాయంకాలంలోకి నెట్టేశావు."

బల్ల మీద పెట్టింది, నేనిచ్చిన ఫోటో.
కాడ్ చేపలు ఆరేసిన కర్రల పందిరి కింద
ఒడ్నీ. ఎర్ర ఉన్ని చేతితొడుగులు.
ఏదో తిట్టబోయి నవ్వేసిన నోరు.
తెర మీద ఆమె వెనక మంచు ధగధగ.
కాగితం మీద అదే మంచు
రెండ్రోజులు కడగని పాలగిన్నె.

ప్రింటర్‌ని తిట్టాను. సిరాని తిట్టాను.
పత్తితో చేసిన ఖరీదైన కాగితం కట్ట విప్పాను.
మళ్లీ అదే. మూడోసారీ అదే.
ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉండి
తప్పు నా ఎదురుగానే కూర్చుని
నా మొహం మీద వెలుగుతోందని తట్టలేదు.

తెరని అబద్ధాలకోరు అనను.
దాని వెనక దీపం ఉంది, అంతే,
కటిక చీకట్లోనూ అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది.
కాగితం బీదది.
ఎవరైనా వెలుగు అప్పిస్తే
కొంత తాను మింగి
మిగిలింది మనకు తిరిగిస్తుంది.

ఆ రాత్రి ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన నిలబెట్టి
బల్ల దీపం దాని మీదికి తిప్పాను.
తెర మీదా ఒట్టి తెలుపే పరిచి
వెలుతురు తగ్గిస్తూ పోయాను.
నూరు, ఎనభై, అరవై...
నలభై రెండు దగ్గర రెండు తెలుపులూ
తోడికోడళ్లలా రాజీపడ్డాయి.
అప్పుడు తెరిచాను ఒడ్నీని.
చీకట్లో నిలబడి ఉంది.
మొదటినుంచీ అక్కడే ఉంది పాపం.

నీడల్ని పైకి లాగి, అచ్చువేసి,
సిరా ఆరేదాకా రాత్రంతా ఆగి
పొద్దున్నే కబురుపెట్టాను.
రగ్న్‌ఫ్రిడ్ అటూ ఇటూ వంచి చూసింది.
"నీ కొట్టులో బాగుంది,
మా ఇల్లు నీ కొట్టు కాదుగా."

నిజమే. వెళ్లాను.
పొయ్యి పక్క గోడకి మేకు ముందే కొట్టి ఉంది.
పైన నారింజరంగు గుడ్డకప్పిన ఒకే ఒక్క బల్బు.
"ఎప్పుడు చూస్తావు దీన్ని?"
"కాఫీ దించేటప్పుడు."
ఖాళీ కాగితాన్ని గోడకి ఆనించి చూస్తే
వెన్న పూసినట్టుంది.
తలుపు వెనక కొక్కేనికి
అవే చేతితొడుగులు వేలాడుతున్నాయి.
కుడిచేతి బొటనవేలు చిరుగు ఎవరూ కుట్టలేదు.
అడిగాను. ఒకటి తీసి ఇచ్చింది,
"రంగు చూసుకుని తిరిగి తే," అంటూ.

ఈసారి ఇంకా తేలికగా, కాస్త నీలంగా వేశాను.
కొట్టులో అది జ్వరంపడి లేచినట్టుంది.
నా కుర్రాడు ఐవిన్ పగలబడి నవ్వాడు:
"సున్నం కొట్టారా ఈమెకి?"
వంటింట్లో, మేకుకి తగిలించగానే
ఎరుపు ఎరుపైంది. మంచు మంచైంది.
రగ్న్‌ఫ్రిడ్ ఏమీ అనలేదు.
కాఫీ పొంగి పొయ్యంతా పాడైంది.

జనవరిలో కోట మీద ఫిరంగి పేలింది,
సూర్యుడు పూర్తిగా కనిపించాడని.
బడిపిల్లలు వీధిలో కేకలు.
మధ్యాహ్నం ఫోను:
"ఎదురింటి కప్పు మంచు మీంచి ఎండ గోడమీద పడింది,
చెల్లి వెలిసిపోయింది.
ఆ మొదటిది పారేశావా?"

పారేయలేదు. దాని వెనక
సిరా అప్పుల లెక్కలు రాసుకున్నాను.
"ఉండనీ, వెనక ఎవరు చూస్తారు?" అంది.

ఇప్పుడు ఒకే మేకుకి ఇద్దరు ఒడ్నీలు.
ఏది ముందుండాలో
రోజూ కాఫీ కంటే ముందు
కిటికీని అడుగుతుంది.